రహదారి ప్రమాదము – మోటారు భీమా: రాష్ట్రేతరాంధ్రుల రవాణా వృత్తి దృష్ట్యా ఒక చారిత్రక పరిశీలన

తెలుగునాటి ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా మూడు విషయములను విచారింతురు. వారు ఎప్పుడు తరలి వచ్చిరి, ఏ వృత్తులను వెంట తెచ్చుకొనిరి, మాతృభాషను ఎంతవరకు నిలుపుకొనిరి అనునవి ఆ మూడు విషయములు. కోయంబత్తూరు, మధుర సీమలలోని నల్లరేగడి నేలలను సాగుచేసిన రైతులకును, షోలాపురమున మగ్గములు నడపిన పద్మశాలీలకును, బరంపురము, బళ్ళారి, హోసూరు పట్టణముల వర్తకులకును ఈ చరిత్రలయందు తగిన స్థానమే లభించినది. కాని ఇరువదవ శతాబ్దమున ఈ కుటుంబములలో పెక్కింటికి అన్నము పెట్టిన మరియొక వృత్తి కలదు. అది మోటారు రవాణా. బస్సు యజమానులుగను, లారీ డ్రైవర్లుగను, క్లీనర్లుగను, మెకానిక్కులుగను వీరు జీవించిరి. ఆ వృత్తికి నీడవలె అంటియున్నది ప్రమాదము. ఆ ప్రమాదభారమును ఎవరు మోయవలెను అను ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే మోటారు భీమా. ఆ భీమా మన దేశమున ఎట్లు పెరిగినది, ప్రమాదభయము హెచ్చుగా గల వాహనములను అది ఏ విధముగ చూచినది అను విషయము ఇచ్చట పరిశీలింపబడుచున్నది.

మోటారు రాక

కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున 1893లో ఒక తెలుగు రైతు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడు 1920లో ఒక బస్సును కొని పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ నడిపెను. మొదట ఆ బస్సును నడపినవాడు ఆయనయే. ఒక్క బస్సుతో ఆరంభమైన ఆ వ్యాపారము కాలక్రమమున పెద్ద సంస్థగా పెరిగిన కథ తమిళనాటి తెలుగువారందరికిని తెలిసినదే.

ఆనాడు అమలునందుండినది 1914వ సంవత్సరపు ఇండియన్ మోటారు వాహనముల చట్టము. బండిని రిజిస్టరు చేయించుకొనవలెననియు, నడపువానికి లైసెన్సు ఉండవలెననియు అది శాసించెను. కాని బండి క్రింద పడి ఒకడు మరణించినచో వాని ఆలుబిడ్డల గతి ఏమి అను విషయమున ఆ చట్టము మౌనము వహించెను.

అట్టి కుటుంబములకు దిక్కు 1855వ సంవత్సరపు ప్రాణాంతక ప్రమాదముల చట్టము మాత్రమే. దాని ననుసరించి సివిలు కోర్టులో దావా వేయవలెను, కోర్టు రుసుము చెల్లింపవలెను, డ్రైవరు అజాగ్రత్తను సాక్ష్యములతో నిరూపింపవలెను. ఇన్ని చేసి గెలిచినను బస్సు యజమానికి ఆస్తి లేకున్నచో డిక్రీ కాగితముగనే మిగులును. ఈ మార్గము ఎంత దీర్ఘమో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. 1947లో ధారాపురమునుండి పళనికి పోవుచుండిన ఒక బస్సు ప్రమాదమునకు లోనయ్యెను. తగిలిన గాయములతో ఒక ప్రయాణికుడు మరణించెను. ఆతని కుటుంబము వేసిన దావా క్రింది కోర్టునుండి మదరాసు హైకోర్టునకును, అటనుండి సుప్రీముకోర్టునకును పోయి 1961లో ముగిసెను. తీర్పు కుటుంబమునకు అనుకూలముగనే వచ్చెను గాని, నడుమ పదునాలుగేండ్లు గడచిపోయెను. ఆ కాలములో పసిబిడ్డ పెరిగి పెద్దవాడగును గదా!

మూడవవాని కొరకు భీమా

ఇంగ్లండు దేశమున 1930వ సంవత్సరపు రోడ్డు ట్రాఫిక్ చట్టము ఒక నూతన సూత్రమును స్థాపించినది. రోడ్డుపై బండి నడపదలచినవాడు తన బండివలన ఇతరులకు కలుగు హానికై ముందుగనే భీమా చేసియుండవలెను. లేనిచో బండిని రోడ్డెక్కింపరాదు. ఈ సూత్రమునే మన దేశమున 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఎనిమిదవ అధ్యాయములో గ్రహించినది. చట్టము 1939లోనే వచ్చినను, ఆ అధ్యాయము అమలునకు వచ్చినది 1946 జూలై 1వ తేదీన మాత్రమే. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన యానాంకు ఈ చట్టము నాడు వర్తింపలేదు. 1954లో యానాం భారతదేశమున చేరిన పిదపనే మన చట్టములకు అచ్చటికి దారి ఏర్పడెను.

ఈ భీమాలో పక్షములు మూడు. వాహన యజమాని ఒకటవ పక్షము. భీమా సంస్థ రెండవ పక్షము. వీరిరువురితో ఏ ఒప్పందమును లేక, రోడ్డుపై నడచుచు దెబ్బతినిన బాటసారి మూడవ పక్షము. ఇతర భీమాలలో సొమ్ము కట్టినవాడే ఫలమనుభవించును. ఇందు సొమ్ము కట్టువాడొకడు, ఫలము పొందువాడు ఆతడెన్నడును చూడని మరియొకడు. ఈ తేడాను గ్రహింపని కారణముననే చాలమంది నేటికిని ఈ పాలసీని పోలీసుకు చూపవలసిన కాగితముగ మాత్రమే తలచుచున్నారు.

అయితే తొలి చట్టము భీమా సంస్థ బాధ్యతకు ఒక హద్దు గీచెను. సరుకుల లారీ విషయమున ఆ హద్దు 20,000 రూపాయలు. 1969 సవరణ దానిని 50,000 చేసెను. 1982 సవరణ 1,50,000 చేసెను. కోర్టు అంతకుమించి పరిహారము విధించినచో మిగిలిన సొమ్ము యజమానియే చెల్లింపవలెను. ఒక్క లారీయే జీవనాధారముగా గల సంసారి ఆ సొమ్ము చెల్లింపలేక పొలమునో ఇంటినో పోగొట్టుకొనవలసి వచ్చెడిది. 1988వ సంవత్సరపు నూతన చట్టము 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చి, మరణము, గాయముల విషయమున ఈ హద్దును తొలగించినది. ఇతరుల ఆస్తికి కలుగు నష్టమునకు మాత్రము చట్టము విధించిన కనీస భీమా 6,000 రూపాయలుగ ఉండెను.

ఇట్లే దావాల మార్గమును సుగమమైనది. 1956 సవరణ ప్రత్యేకముగా మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్ళకు అవకాశము కల్పించెను. 1982 సవరణ తప్పెవరిదని నిరూపింపకుండగనే మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు ఇప్పించు పద్ధతిని తెచ్చినది. గ్రుద్ది పారిపోయిన బండివలన నష్టపోయినవారికి కూడ కొంత పరిహారము ఏర్పడినది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నిబంధనల ననుసరించి, గ్రుద్ది పారిపోయిన సందర్భమున మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు పరిహారము. బండి తెలిసి, తప్పు విచారణ లేకుండ పరిహారము కోరినచో మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు.

రాష్ట్రేతరాంధ్రులకు వీనియన్నిటికంటె మేలు చేసినది 1994 సవరణ. అంతకు పూర్వము ప్రమాదము జరిగిన ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేయవలసియుండెను. మహారాష్ట్రపు రోడ్డుపై మరణించిన డ్రైవరు భార్య, భాష తెలియని ఊరికి వాయిదాలకై తిరుగవలసివచ్చెడిది. 1994 తరువాత ఆమె తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేయవచ్చును. అదే సవరణ అర్జీకి గల కాలపరిమితిని కూడ తొలగించెను. కాని 2022 ఏప్రిల్ 1 నుండి ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపల అర్జీ వేయవలెనను నియమము మరల వచ్చినది. ఆ నియమమును ప్రశ్నించుచు సుప్రీముకోర్టున వ్యాజ్యములు దాఖలైనవి. అయినను ఆరు నెలలు దాటనీయకుండుటయే వివేకము.

వలదనిపించుకొనిన బండ్లు

1971లో కేంద్ర ప్రభుత్వము సాధారణ భీమా సంస్థల నిర్వహణను చేపట్టెను. 1973 జనవరి 1 నుండి నూటయేడు సంస్థలు నాలుగు ప్రభుత్వ సంస్థలుగా కలుపబడినవి. ధరలను టారిఫ్ సలహా సంఘము నిర్ణయించెడిది. ధర ఒక్కటే, సంస్థలన్నియు ప్రభుత్వమువే. 1999 చట్టము తరువాత ప్రైవేటు సంస్థలు మరల ప్రవేశించినవి. 2007 జనవరి 1 నుండి బండికి కలుగు సొంత నష్టమునకు సంబంధించిన ధరలు సంస్థల ఇష్టమునకు విడువబడినవి. మూడవ పక్షపు ధర మాత్రము అధికారుల నిర్ణయమునందే నిలిచినది.

ఇచ్చటనే చిక్కు పుట్టెను. లారీ విషయమున సంస్థ బాధ్యతకు హద్దు లేదు, ధరకు మాత్రము హద్దు కలదు. కావున వాణిజ్య వాహనములకు మూడవ పక్షపు భీమా ఇచ్చుటకు సంస్థలు వెనుదీసినవి. చట్టము భీమా లేనిదే బండి కదలరాదనును. అమ్మవలసినవాడు అమ్మననును. ఈ రెండింటి నడుమ యజమాని నలిగిపోవును.

దీనికి పరిష్కారముగ 2007 ఏప్రిల్ 1 నుండి సంస్థలన్నింటికిని ఒక ఉమ్మడి నిధి ఏర్పరుపబడినది. వాణిజ్య వాహనముల మూడవ పక్షపు నష్టములను సంస్థలన్నియు తమ వ్యాపార పరిమాణమును బట్టి పంచుకొనవలెను. ఆ నిధి పెద్ద నష్టములకు లోనై 2012 మార్చి 31న ముగిసెను. మరునాడు దాని స్థానమున మరియొక నిధి వచ్చినది. దాని పేరు ‘డిక్లైన్డ్ రిస్క్ పూల్’, అనగా త్రోసివేయబడిన ప్రమాదముల నిధి. మూడవ పక్షపు భీమా మాత్రమే కోరిన వాణిజ్య వాహనములలో ఏ సంస్థయు తనయొద్ద ఉంచుకొన నిష్టపడని వానికి ఈ నిధి ఆశ్రయమయ్యెను. 2016లో అదియు ముగిసినది. 2015లో భీమా చట్టమునకు చేసిన సవరణ ప్రతి సాధారణ భీమా సంస్థయు మూడవ పక్షపు మోటారు భీమాను నిర్ణీత పరిమాణములో చేసితీరవలెనని విధించినది.

మనిషిని లెక్కించుటయా, బండిని లెక్కించుటయా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ సమస్య వేరు రూపము దాల్చెను. మసాచుసెట్సు రాష్ట్రము 1927 నుండి భీమాను తప్పనిసరి చేసినది. కాలక్రమమున ఆ దేశపు రాష్ట్రములలో, ఏ సంస్థయు చేరనీయని డ్రైవర్లను సంస్థలన్నింటికిని వంతులవారీగ పంచియిచ్చు ఏర్పాట్లు వెలసినవి. అచ్చట ప్రమాదభయము లెక్కింపబడునది ముఖ్యముగా మనిషిని బట్టి. త్రాగి నడపినవాడు, పదేపదే ప్రమాదములు చేసినవాడు, కొత్తగా లైసెన్సు పొందిన యువకుడు హెచ్చు ధర చెల్లింపవలెను. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది అనుభవమే.

మన దేశమున మూడవ పక్షపు ధర నిర్ణయింపబడునది బండిని బట్టి. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలో, పన్ను గాక, వేయి సీసీలకు మించని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. వేయి దాటి పదునైదు వందల వరకు 3,416. అంతకుమించిన దానికి 7,897. బాడుగకు తిరుగు సరుకుల లారీ బరువు 7,500 కిలోలకు మించకున్నచో 16,049. ఇరువదివేల కిలోలు దాటి నలువదివేల వరకు ఉన్నచో 43,950 రూపాయలు. అనగా చిన్న కారుకు సుమారు ఇరువదియొక్క రెట్లు. పెద్ద బండి చేయు హాని పెద్దది గావున ఈ భేదము అన్యాయమని చెప్పరాదు. కాని ఇరువదేండ్లు ఒక్క ప్రమాదమైనను చేయక లారీ నడపినవానికిని, నిన్న లైసెన్సు పొందినవానికిని ఈ పట్టికలో తేడా లేదు. జాగ్రత్తపరుని నేర్పునకు మూడవ పక్షపు భీమాలో బహుమానము లేదు, అజాగ్రత్తపరునికి శిక్షయు లేదు.

సొంత నష్టపు భీమాలో మాత్రము కొంత వివేచన కలదు. 2002వ సంవత్సరపు అఖిల భారత మోటారు టారిఫ్ ననుసరించి, ఒక ఏడాది క్లెయిము చేయనివానికి మరుసటి ఏడు ఆ భాగపు ధరలో నూటికి ఇరువది తగ్గింపు లభించెను. వరుసగా ఐదేండ్లు చేయకున్నచో నూటికి ఏబది. ఒక్క క్లెయిము చేసినచో ఆ తగ్గింపు పోవును. దీనినే నో క్లెయిమ్ బోనసు అందురు. ఇది బండికి గాక మనిషికి చెందును. కావున పాత బండిని అమ్మి కొత్తది కొనువాడు దీనిని వెంట తీసికొనిపోవచ్చును. చిన్న గీతకు, సొట్టకు క్లెయిము చేసి పెద్ద తగ్గింపును పోగొట్టుకొనువారు దీనిని గమనింపవలెను. పాలసీ గడువు దాటిన తొంబది దినములలోపల మరల భీమా చేయింపనిచో ఈ తగ్గింపు దక్కదు.

అదే టారిఫ్ కార్లకును, ద్విచక్ర వాహనములకును దేశమును రెండు మండలములుగ విభజించెను. బెంగుళూరు, చెన్నై, ముంబయి, పూణే, హైదరాబాదు మొదలగు మహానగరములు మొదటి మండలము. తక్కిన దేశమంతయు రెండవ మండలము. కావున బెంగుళూరున బండి రిజిస్టరు చేయించిన తెలుగువాడు హోసూరునందలి తన బంధువుకంటె సొంత నష్టపు భాగమున హెచ్చు చెల్లించెడివాడు. 2007 తరువాత ఈ ధరలు సంస్థల చేతిలోనికి పోయినవి.

మనిషి నడవడిని లెక్కలోనికి తెచ్చు ప్రయత్నములు ఇటీవలనే ఆరంభమైనవి. ట్రాఫిక్ నేరములను బట్టి అదనపు ధర విధింపవచ్చునని భీమా నియంత్రణ సంస్థ నియమించిన ఒక బృందము 2021లో సూచించెను. 2022 జూలైలో, తిరిగిన దూరమును బట్టియు, నడపు తీరును బట్టియు సొంత నష్టపు ధరను నిర్ణయించు ఏర్పాటులకు ఆ సంస్థ అనుమతినిచ్చెను.

భీమా యుండియు రక్షణ లేని సందర్భములు

పాలసీ ఉన్నంతమాత్రమున సర్వమును రక్షింపబడినదని తలచరాదు. సరుకుల లారీలో ఊరికే ఎక్కించుకొనిపోబడు మనుష్యులకు భీమా సంస్థ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పెను. సరుకు యజమానికిని, ఆతని ప్రతినిధికిని మాత్రము రక్షణ కలదు. పెండ్లివారిని, తిరునాళ్ళకు పోవువారిని లారీలో ఎక్కించుకొనిపోవుట మన పల్లెలలో చిరకాలపు అలవాటు. అట్టి ప్రయాణమున ప్రమాదము జరిగినచో పరిహారపు భారము యజమాని నెత్తినే పడును.

రెండవది లైసెన్సు. డ్రైవరుకు సరియైన లైసెన్సు లేకున్నను బాధితునికి సంస్థ పరిహారము చెల్లింపవలెనని 2004లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. కాని యజమాని తెలిసియో, ఉపేక్షచేతనో అట్టివానికి బండి ఇచ్చినట్లు తేలినచో ఆ సొమ్మును సంస్థ యజమానినుండి వసూలు చేసికొనవచ్చును. కావున డ్రైవరును పనిలో పెట్టుకొనునపుడు లైసెన్సును స్వయముగా పరిశీలించుట యజమాని ధర్మము.

మూడవది యాజమాన్యపు మార్పు. ఒక రాష్ట్రపు తెలుగువారు మరియొక రాష్ట్రపు బంధువులకు బండ్లు అమ్ముట, రిజిస్ట్రేషను మార్చుకొనక మాటమీదనే నడపుకొనుట తరచుగా జరుగునదే. రిజిస్టరులో పేరున్నవాడే చట్టమునకు యజమానియనియు, బండి చేతులు మారినదను మాట ఆతనిని రక్షింపదనియు 2018లో సుప్రీముకోర్టు స్పష్టము చేసినది. యానాం రిజిస్ట్రేషనుతో తెలుగునాట తిరుగు బండియైనను, కర్ణాటకపు రిజిస్ట్రేషనుతో తమిళనాట తిరుగు బండియైనను ఈ నియమమునకు లోబడినదే.

నాలుగవది నడపువాని ప్రాణము. మూడవ పక్షపు భీమా బండి నడపుకొను యజమానిని రక్షింపదు. ఆతనికై వేరుగ వ్యక్తిగత ప్రమాద భీమా కలదు. దాని మొత్తము 2018లో 15 లక్షల రూపాయలకు పెంచబడెను. జీతపు డ్రైవరుకు 1923 నాటి శ్రామిక పరిహార చట్టపు రక్షణ ఏర్పడియుండెను.

కోయంబత్తూరు మరల ఈ చరిత్రలో కనుపించును. ఆ నగరమునందలి ప్రసిద్ధ ఎముకల శస్త్రవైద్యుడు డాక్టరు ఎస్. రాజశేఖరన్ రహదారి భద్రతను గూర్చి 2012లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసెను. అందుపై న్యాయస్థానము 2018 జూలైలో ఇచ్చిన ఉత్తరువు వలన, ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేండ్లకును, కొత్త ద్విచక్ర వాహనమునకు ఐదేండ్లకును మూడవ పక్షపు భీమా ఒకేసారి చేయింపవలసివచ్చినది. మొదటి ఏడు భీమా చేయించి పిదప మరచిపోవువారు పెక్కుమంది యుండుటయే దీనికి కారణము. జి. డి. నాయుడు ఒక్క బస్సు నడపిన ఊరి చుట్టుప్రక్కలనుండియే, శతాబ్దము ముగియవచ్చిన వేళ, రోడ్డుపై గాయపడినవారి పక్షమున ఈ వ్యాజ్యము బయలుదేరుట గమనింపదగినది.

ముగింపు

ఈ చరిత్రను సమీక్షించినచో ఒక్క సత్యము తేటపడును. మన దేశపు మోటారు భీమా ఆదినుండియు బాటసారి కొరకు పుట్టినది. చట్టము చేసిన ప్రతి సవరణయు ఆతని కుటుంబము రిక్తహస్తములతో మరలిపోకుండ చూచుటకే ఉద్దేశింపబడినది. ఆ క్రమమున లారీవంటి బండ్లు ప్రమాదభరితములని ముద్రవేయించుకొని, సంస్థలచే త్రోసివేయబడి, తుదకు చట్టబలముతో స్థానము సంపాదించుకొనినవి. కాని వానిని నడపువారిలో మంచివానికిని చెడ్డవానికిని గల భేదమును గుర్తించు పని ఇప్పుడిప్పుడే ఆరంభమైనది.

పాలసీ తరచుగా ఇంగ్లీషున నుండును. ప్రమాదపు ఫిర్యాదు ప్రమాదము జరిగిన రాష్ట్రపు భాషలో నుండును. ఈ రెండింటి నడుమ తెలుగు మాత్రమే చదువనేర్చిన డ్రైవరు కుటుంబము తన హక్కును కోల్పోవు ప్రమాదము కలదు. పాలసీ గడువును, లైసెన్సు తరగతిని, రిజిస్ట్రేషనులోని పేరును, అర్జీ వేయు ట్రిబ్యునలును, ఆరు నెలల గడువును, ఈ ఐదింటిని ప్రతి రవాణా కుటుంబమును తన భాషలో తెలిసికొనియుండవలెను. రాష్ట్రేతరాంధ్రుల సంఘములు పండుగలను, పద్యములను కాపాడుటతో పాటు ఈ జ్ఞానమును గూడ తెలుగున అందించినచో, భాషాసేవయు లోకోపకారమును ఒక్కటే కాగలవు.